థైమస్‌లో నుమాయిష్

మా పిన్ని కూతురి కొడుక్కి ఎనిమిదేళ్లు, టైప్ 1 షుగర్ అని తేలింది. ఒకరు స్వీట్లంటారు, ఒకరు దిష్టంటారు, చెల్లి మాత్రం నన్ను పక్కకి పిలిచి "అన్నా, వాడి ఒళ్లే వాడి మీద తిరగబడిందంట, ఎందుకట్ల?" అని అడిగింది.

జవాబు రొమ్ము ఎముక వెనక, థైమస్ అనే మెత్తటి గ్రంథిలో మొదలవుతది. 1961లో జాక్ మిల్లర్ చూపించేదాకా దాని పనేంటో ఎవరికీ సరిగ్గా తెలీదు. రోగాలతో పోరాడే తెల్ల రక్త కణాల్లో ఒక రకమైన టీ కణాలు పెరిగేది అక్కడే. జీన్ ముక్కల్ని అడ్డదిడ్డంగా అతికిస్తే ఒక్కో దాని రిసెప్టర్, అంటే ఎదుటిదాన్ని పట్టుకునే కొక్కెం, తయారవుతది కాబట్టి కొన్ని మన సొంత ప్రోటీన్లకే అతుక్కుంటాయి, వాటిని ఏరెయ్యాలి. మరి ఛాతీలో ఉన్న కణానికి పాంక్రియాస్‌లోని ఇన్సులిన్ ఎట్ల కనిపిస్తది?

హైదరాబాద్ నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌ని తలుచుకోండి. శాలువా కోసం కశ్మీర్ పోం, చికన్ కుర్తీ కోసం లక్నో పోం, జనవరిలో అన్నీ ఒకే గ్రౌండ్‌కి వస్తాయి. గేటు అంటే థైమస్ పై పొర, కార్టెక్స్: ప్రోటీన్ ముక్కల్ని టీ కణాలకి పట్టి చూపించే పళ్లెం లాంటి హెచ్ఎల్ఏ అణువుని అసలు పట్టుకోలేని టీ కణాలు అక్కడే రాలిపోతాయి, ఎక్కువ శాతం అవే. లోపలి భాగమైన మెడుల్లాలో ఎపిథీలియల్ అనే థైమస్ సొంత కణాలే స్టాళ్లు. ఎయిర్ అనే జీన్ వాటితో ఇన్సులిన్, థైరాయిడ్ ప్రోటీన్, కంటి రెటీనా ప్రోటీన్, ఇట్లా వేల రకాలు కొంచెం కొంచెం చేయిస్తది, అక్కడ ఇన్సులిన్‌కి చక్కెరతో పనే లేదు, ఉత్త శాంపిల్! నాకైతే ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తది. అన్ని స్టాళ్లలో అన్నీ దొరకవు, ఒక్కో సరుకు నూటికి ఒకటి నుంచి మూడింట్లోనే, అందుకే కుర్ర టీ కణం నాలుగైదు రోజులు లైన్లన్నీ తిరుగుతది. పైగా డెండ్రిటిక్ అనే ఇంకో రకం కణాలు స్టాళ్ల నుంచి సరుకు తీస్కుని, ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ మీద పెట్టి, చేతి మీద శాలువాలేసుకుని తిరిగేటోళ్లలా ఎదురొచ్చి చూపిస్తాయి.

ఏ శాంపిల్‌నైనా మరీ గట్టిగా పట్టుకున్న కణం చచ్చిపోతది, లేదంటే ఫాక్స్‌పీ3 అనే జీన్ ఆన్ చేసుకుని మిగతావాటిని ఆపే రెగ్యులేటరీ టీ కణంగా మారుతది. వీటి మీద పనికే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకి నోబెల్ వచ్చింది.

ఇక మా పిల్లాడి సంగతి. ఇన్సులిన్ జీన్ ముందు ఒక డీఎన్ఏ ముక్క మళ్లీమళ్లీ వస్తది. ఆ వరస పొట్టిగా ఉన్నోళ్ల థైమస్‌లో ఇన్సులిన్ శాంపిల్ తక్కువ తయారవుతది, ఇన్సులిన్‌కి అతుక్కునే కొన్ని చెడ్డ టీ కణాలు దాన్ని చూడకుండానే బయటపడి, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణాల మీద పడొచ్చు, టైప్ 1 రిస్క్ పెరుగుతది. ఇదొక్కటే కారణం కాదు, హెచ్ఎల్ఏ రకాల పాత్ర ఇంకా పెద్దది.

"అయితే నేను పెట్టిన లడ్డూల వల్ల కాదా?" అని చెల్లి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కాదనే చెప్పాను.