ఊపిరితిత్తుల్లో పాచి

కాలువ రేవులో నీళ్లలో మునిగి ఉన్న మెట్ల మీద పాచి పడుతుంది. నీళ్లు ఎంత జోరుగా పారినా అది కొట్టుకుపోదు, కొబ్బరి పీచుతో రుద్దితేనే వదులుతుంది. పొద్దున లేచాక పళ్ల మీద ఉండేదీ పాచే. బయోఫిల్మ్‌కి మనకు ముందునుంచీ ఉన్న మాట ఇది: సూక్ష్మజీవులు గుంపుగా చేరి, తమ చుట్టూ తామే జిగురు అల్లుకుని స్థిరపడడం.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో ఈ పాచి ఊపిరితిత్తుల్లో పడుతుంది. 1989లో గుర్తించిన సీఎఫ్‌టీఆర్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతోనే వస్తే, కణాల నుంచి క్లోరైడ్ (ఉప్పులో ఒక భాగం) సరిగా బయటికి రాదు. శ్వాసనాళాల్లో తడి తగ్గి కఫం బంకలా తయారవుతుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే తాత నుంచి అదే లోపం వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతున్నా, దగ్గు తగ్గక బరువు పెరగకపోతున్నా చెమట పరీక్ష అడగండి. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆ పైన ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క.

ఈ కఫంలో పాగా వేసేవాటిలో ముఖ్యమైనది సూడోమోనాస్. నీళ్లలో, తడి మట్టిలో, సింకుల్లో బతికే సూక్ష్మజీవి. మొదట విడివిడిగా ఉంటుంది, మందుకు లొంగుతుంది. కొంతకాలానికి ఆల్జినేట్ అనే జిగురు విపరీతంగా తయారుచేసుకుంటుంది. టోబ్రామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందు ఆ జిగురుకే అంటుకుని లోపలికి వెళ్లడం ఆలస్యమవుతుంది. లోపలి పొరల్లో ఆక్సిజన్ అందక సూక్ష్మజీవులు దాదాపు నిద్రలో ఉంటాయి. పెరుగుతున్న కణాన్ని కొట్టే మందు నిద్రపోయేదాన్ని కొట్టలేదు. ల్యాబులో పరీక్షించేది విడి సూక్ష్మజీవుల్ని కాబట్టి, రిపోర్టులో పనిచేస్తుందన్న మందు ఛాతీలో పనిచేయకపోవచ్చు.

అందుకే ముందు రుద్దడం, తర్వాత మందు. సాధారణంగా మొదట నాళాల్ని వెడల్పు చేసే మందు పీలుస్తారు. అది మానేసి నేరుగా ఉప్పునీరు పీలిస్తే ఛాతీ బిగుసుకుపోవచ్చు. తర్వాత 7 శాతం ఉప్పునీరు, ఆపైన ఫిజియోథెరపీతో కఫం తీయడం. పీల్చే టోబ్రామైసిన్ చివర్న: 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 28 రోజులు. కఫం తీయకుండా పీలిస్తే మందు కఫం మీదే ఆగిపోతుంది.

ఎక్కువ ఇళ్లలో పొరపాటు జరిగేది నెబ్యులైజర్ (మందును పొగమంచులా మార్చి పీల్చనిచ్చే యంత్రం) దగ్గర. వాడిన ప్రతిసారీ కప్పు విప్పి సబ్బునీళ్లతో కడగాలి. కంపెనీ కాగితం మరిగించవచ్చంటేనే 5 నిమిషాలు మరగనివ్వాలి. తర్వాత కుళాయి నీళ్లతోగానీ బిందెలో నీళ్లతోగానీ మళ్లీ కడగకూడదు. కడిగితే శుద్ధి అంతా వృథా. వెనిగర్‌ను నమ్మొద్దు. వానాకాలంలో డెల్టా గాలిలో ఏదీ తొందరగా ఆరదు, కాబట్టి శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలిన కప్పులోనే పాచి మొదలవుతుంది, తర్వాత పూట అదే పొగమంచులా ఛాతీలోకి వెళుతుంది.

వరిచేలకు సంబంధించి ఇంకొక జాగ్రత్త. మెలియాయిడోసిస్ అనే తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెచ్చే బ్యాక్టీరియా ఉష్ణదేశాల తడి నేలలో ఉంటుంది; సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవారికి అది ప్రమాదం. దమ్ము చేసే మడిలోకి, వరద నీటిలోకి వారిని దిగనివ్వకండి.

సూడోమోనాస్ మొదటిసారి కనబడినప్పుడు మందు వాడితే చాలామందిలో పోతుంది. ఆల్జినేట్ తొడుక్కున్నాక పూర్తిగా తీయడం చాలా అరుదు. దగ్గు లేని నెలల్లోనూ, మూడు నెలలకొకసారి కఫం పరీక్షకు పంపమనేది ఇందుకే. కఫం ఉమ్మలేని పిల్లలకు గొంతు స్వాబ్ తీస్తారు.