ఎరుపు వెనుక పురుగు

పిల్లలూ,

పాత ఐరోపా చిత్రాల్లో రాజుల బట్టలకు అంత నిగనిగలాడే ఎరుపు ఎక్కడిదని అడిగారు కదా. అందులో చాలాభాగం పురుగు ఇచ్చిందే. మెక్సికోలోని వహాకాలో నాగజెముడు మట్టలమీద బతికే కొచినీల్ పురుగు.

మందార కొమ్మకు పట్టే పిండినల్లి తెలుసుగా? ఇదీ అలాంటిదే. దూదిలాంటి తెల్లటి పొర కప్పుకుని, కదలకుండా రసం పీలుస్తుంది. పిండినల్లిలాగే ఆడదానికి రెక్కలుండవు, పిల్లలు పాకివెళ్ళి అనువైన చోట కుదురుకుంటాయి. తేడా రంగులోనే, నలిపితే వేలు నెత్తురోడినట్టు అవుతుంది. మనం మందు కొట్టి వదిలించుకునే జాతిని అక్కడి రైతులు ఓపికగా పెంచారు. తల్లిపురుగులను పీచుగూళ్ళలో ఉంచి మట్టలకు తగిలించేవారు. వానకూ చలికీ పిల్లలు చచ్చిపోతాయి, అందుకని చాపలు కప్పేవారు. మూడు నెలలకు కుంచెతో దులిపి, విత్తనానికి కొన్ని వదిలి, మిగతావి వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టేవారు. దాదాపు అరకిలోకి 70,000 పురుగులు కావాలి!

1521లో స్పెయిన్ మెక్సికోను ఆక్రమించాక ఆ సరుకు ఓడలెక్కింది. అక్కడి ఎగుమతుల్లో వెండి తర్వాత స్థానం దీనిదే. లాభం స్పెయిన్‌ది, చాకిరీ వహాకా రైతులది. పెంపకం గుట్టు బయటపడకుండా స్పెయిన్ కాపలా కాసింది. అందుకే అది గింజా, పురుగా అని ఐరోపా పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. డచ్ శాస్త్రజ్ఞుడు లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో కాళ్ళూ గుడ్లూ చూసి, పురుగేనని 1704లో ప్రకటించాడు. పుస్తకాల్లో ఆయన పేరుంది. తరతరాలుగా ఆ పురుగును సాకినవాళ్ళ పేర్లు లేవు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

చిత్రకారులు పురుగుపొడిని నీళ్ళలో మరిగించి, వడకట్టి, పటికా క్షారమూ కలిపేవారు. అడుగున ఎర్రటి ముద్ద పేరుకునేది. ఇనుపగిన్నె వాడితే రంగు నల్లబారి ఊదాకు తిరుగుతుంది. ఆ ముద్దను నూనెలో నూరి, ఆరిన ఇంగిలీకం అనే ఎర్రరంగు పూత మీద పలచటి పూతలుగా వేస్తే లోపలినుంచి వెలుగుతున్నట్టుండేది. ఎండ తగిలితే మాత్రం వెలిసిపోతుంది.

ఈస్టిండియా కంపెనీ కూడా ఆశపడింది. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ నాగజెముడు తోట వేయించాడు. 1795లో మన దేశానికి తెచ్చిన పురుగు మేలురకం కాదు, అడవిరకం. రంగు తక్కువ, ఆకలి ఎక్కువ. నాగజెముడునే తినేసింది.

నాగజెముడు కనబడితే మట్టలమీద తెల్లటి దూదిచుక్కలున్నాయేమో చూడండి. ఉంటే చేత్తో ముట్టకండి, నూగుముళ్ళు చర్మంలో దిగబడతాయి. పుల్లతో నలిపి చూడండి. అమెరికాలో ఉన్న పిల్లలు ఎర్రటి మిఠాయి పొట్లం మీద కార్మైన్ అనే మాట కోసం వెతకండి, ఈ పురుగు రంగు పేరే అది.

మీ తాతయ్య