‘మంచి కేసు’ అనిపించుకున్న మనిషి

గుంటూరు, విజయవాడల్లో ఏ బోధనాసుపత్రికి వెళ్లినా పొద్దున పూట వార్డులో ఒకటే సందడి. ఒక మంచం చుట్టూ పది పదిహేను మంది తెల్లకోటు పిల్లలు. ‘మంచి కేసు’, అంటే నేర్చుకోవడానికి పనికొచ్చే లక్షణాలున్న రోగి, ఉందని తెలిస్తే ఇంకో బ్యాచ్ కూడా వచ్చేస్తుంది.

మా పెద్దమ్మ గుండె జబ్బుతో అలాంటి మంచం మీదే ఉన్నప్పుడు ఒక కుర్రాడు అడిగాడు: "అమ్మా, రాత్రిపూట ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?" పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు తల ఎత్తుగా ఉండేలా దిండ్లు పెంచుకుంటారు కాబట్టి, అది వస్తుందా లేదా తేల్చడానికి పుస్తకంలో ఉన్న ప్రశ్న అది. ఆవిడ పడుకునేది చాప మీద, తల కింద మడత పెట్టిన పాత చీర. "దిండ్లు లేవు బాబూ" అంది. అతను అదే రాసుకున్నాడు, అంటే ఆయాసం లేదనే లెక్క. గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప నిద్ర పట్టడం లేదని ఆవిడ చెప్పబోయేలోపే అందరూ పక్క మంచానికి వెళ్లిపోయారు.

రోగి దగ్గరే పాఠం చెప్పడం ఎప్పటినుంచో ఉంది. విలియం ఆస్లర్ అనే డాక్టరు 1890ల్లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విద్యార్థుల్ని వార్డులోకి నడిపించాడు. 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ మొదలయ్యేనాటికి అది స్థిరపడిన పద్ధతి. రోగి ఎదురుగానే ఉండేవాడు, కానీ పాఠం చెప్పేది మాత్రం ప్రొఫెసరే.

1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు ఇంకో దారి తొక్కాడు. రోగిలా నటించడానికి ఒక మోడల్‌కు తర్ఫీదునిచ్చాడు. విద్యార్థి ఎలా పరీక్షించాడో ఆమే రాసి ఇచ్చేది. దీని వెనక ఒక సంగతి చెబుతారు. అంతకుముందు ఒక రోగి, తనను మొరటుగా పరీక్షించిన డాక్టరుకు కావాలనే లక్షణాలు మార్చి చూపించానని బారోస్‌తో అన్నాడట. ఎదుటివాడు ఎలా ముట్టుకున్నాడో రోగికి తెలిసినంతగా ఎగ్జామినర్‌కు తెలియదు మరి.

తర్వాత వికలాంగుల ఉద్యమాలు ‘మేం లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు’ అన్నాయి. ఆరోగ్య సేవల రూపకల్పనలో ప్రజలకు భాగం ఉండాలని 1978లో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు చేసిన ఆల్మా-ఆటా ప్రకటన చెప్పింది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం 2010 నుంచి రోగుల్ని అధ్యాపకుల పక్కన కూర్చోబెట్టి పాఠాలు చెప్పిస్తోంది.

మన దేశంలో 2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడే తీరు, నైతికత సిలబస్‌లో భాగమయ్యాయి. ఆ తర్వాత కుటుంబ దత్తత వచ్చింది. విద్యార్థి కొన్ని పల్లె కుటుంబాల ఇళ్లకు చదువుకునే రోజుల్లో మళ్లీ మళ్లీ వెళ్లి రావాలి. నాకు ఎక్కువ ఆశ దీని మీదే. ఇంటికి వెళ్తే చాప కనిపిస్తుంది కదా.

ఫైనల్ పరీక్షలో లాంగ్ కేసు కోసం, అంటే విద్యార్థి ఒక రోగిని పూర్తిగా పరీక్షించి ఎగ్జామినర్లకు వివరించే భాగం కోసం, గంటల తరబడి మంచం మీద ఓపిగ్గా ఉండేది రోగి. మార్కులు మాత్రం ఎగ్జామినర్లే వేస్తారు. "నువ్వు చెప్పింది ఈ అబ్బాయి పూర్తిగా విన్నాడా అమ్మా?" అని ఆ రోగిని అడిగి నింపాల్సిన గడి ఒకటి ఆ మార్కుల షీటులో ఉండాలి.