సూర్యగ్రహణం, మన కళ్లు: బెజవాడ కంటి డాక్టరు చెప్పే అపోహలు - వాస్తవాలు

2019 డిసెంబరు 26, గురువారం. పొద్దున ఎనిమిది దాటాక బెజవాడలో గ్రహణం పట్టింది. మర్నాడు ఓపీ ముగిసే వేళకి ఒకావిడ పదో తరగతి చదివే కొడుకుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "నొప్పి లేదు సార్, ఎరుపు కూడా లేదు. బోర్డు మీద ఏ అక్షరం చూస్తే ఆ అక్షరమే మాయమైపోతోంది. పక్కవి కనిపిస్తున్నాయి" అన్నాడు వాడు. గ్రహణం చూశావా అంటే తల వంచుకున్నాడు. డాబా మీద తాతగారి ఛాతీ ఎక్స్‌రే అడ్డం పెట్టుకుని విడతలు విడతలుగా చూశాడట. మంచి చూపుని 6/6 అంటాం, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. వాడికి ఎడమ కన్ను 6/9, కుడి కన్ను 6/18. కంటి లోపలి పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే కుడి కంటి రెటీనాకి, అంటే కంటి వెనక బొమ్మ పడే తెరకి, సరిగ్గా నడిమధ్యన సన్నటి గంటు. మనం చదివేదీ, మొహాలు గుర్తుపట్టేదీ ఆ కాస్త చోటుతోనే.

గ్రహణం వెళ్లిన రెండు మూడు రోజుల్లో ఇలాంటివాళ్లు ఒకరో ఇద్దరో వస్తూనే ఉంటారు. వాళ్లు చెప్పే మాటలు కూడా ఇంచుమించు అవే.

అపోహ: గ్రహణం రోజు సూర్యుడి నుంచి విషకిరణాలు వస్తాయి.

కొత్తగా ఏవీ రావు. రోజూ వచ్చే కిరణాలే. మామూలు రోజున సూర్యుణ్ణి చూడమన్నా చూడలేం. కళ్లు మూసుకుపోతాయి, నీళ్లు కారతాయి, తల దానంతటదే పక్కకి తిరుగుతుంది. గ్రహణంలో వెలుతురు తగ్గేసరికి ఈ కాపలా సడలిపోతుంది. కంటిపాప కూడా కాస్త పెద్దదవుతుంది. చంద్రుడు కప్పగా మిగిలిన ముక్క మాత్రం ఎప్పటి తీవ్రతతోనే వెలుగుతుంటుంది. రెటీనా మీద పడే సూర్యుడి బొమ్మ మిల్లీమీటరులో ఆరో వంతు ఉంటుంది, అంతే. అంత చిన్న చోట అంత వెలుగు పడితే అక్కడి కణాల్లో రసాయన మార్పులు జరిగి అవి దెబ్బతింటాయి. భూతద్దంతో కాగితం కాల్చినట్టు కళ్లు భగ్గుమంటాయని చాలామంది అనుకుంటారు. అలా మండితే బాగుండేది, వెంటనే తల తిప్పుకునేవాళ్లం. పిల్లల కంట్లో కటకం మరీ తేటగా ఉంటుంది కాబట్టి హానిచేసే కాంతి లోపలికి ఇంకా ఎక్కువ వెళ్తుంది.

అపోహ: కంటికి దెబ్బ తగులుతుంటే నొప్పి తెలుస్తుందిగా, అప్పుడు ఆపేస్తాం.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రెటీనాకి నొప్పి తెలియదు. అక్కడ నొప్పిని చెప్పే నాడులే లేవు. చూస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. ఇంటికెళ్లి, భోంచేసి, పడుకుని, పొద్దున్నే లేచి పేపరు తెరిచాక తెలుస్తుంది, చూపు మధ్యలో మచ్చ ఉందని. కొందరికి గీతలు వంకరపోతాయి, కొందరికి రంగులు వెలిసిపోయినట్టుంటాయి.

అనుమానం ఉంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పిల్లల లెక్కల గళ్ల పుస్తకంలో ఒక పేజీ మధ్యన చుక్క పెట్టండి. చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ చుక్కనే చూడండి. తర్వాత కన్ను మార్చండి. గళ్లు వంగినా, చుక్క చుట్టూ గళ్లు చెరిగిపోయినా రెటీనా డాక్టరుకి చూపించుకోవాల్సిందే. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది, జాగ్రత్త.

చుక్కల మందులు అడుగుతారు. దీన్ని నయం చేస్తుందని రుజువైన మందు లేదు. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో చూపు చాలావరకు తిరిగొస్తుంది. కొందరికి చిన్న మచ్చ జీవితాంతం ఉండిపోతుంది. ఎవరికి ఎంత వస్తుందో మొదటి రోజు నేను చెప్పలేను. ఆ తల్లికీ అదే చెప్పాను. ఆవిడకి నా మీద కోపం వచ్చింది.

అపోహ: ఎక్స్‌రే ఫిల్ము, కూలింగ్ గ్లాసులు, మసి పట్టించిన గాజు, సీడీ... ఏదో ఒకటి అడ్డం ఉంటే చాలు.

సూర్యారావుపేట డాక్టర్ల దగ్గరికి తిరిగినవాళ్ల ఇళ్లలో బీరువా మీద ఎక్స్‌రేల కవరు ఉండనే ఉంటుంది, గ్రహణం రోజు చెయ్యి అటే పోతుంది. పైన చెప్పిన వాటన్నిటితో ఒకటే చిక్కు. వెలుగు మందగించి కంటికి హాయిగా ఉంటుంది గానీ, హాని చేసేంత కాంతి, కంటికి కనపడని పరారుణ కిరణాలు దాటి వస్తూనే ఉంటాయి. పైగా ఎక్స్‌రేలో నలుపు ఒక్క తీరున ఉండదు, ఎముకలున్న చోట దాదాపు తెల్లగానే ఉంటుంది. రెండు కూలింగ్ గ్లాసులు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నా అంతే సంగతులు.

కొనాల్సింది ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు. అచ్చేసిన అంకెని గుడ్డిగా నమ్మకుండా ఇంట్లో పెట్టుకుని చూడండి. ట్యూబులైటు గానీ, గోడలు గానీ, ఎదురుగా ఉన్న మనిషి గానీ కనిపించకూడదు. గీత పడినా, చిల్లి పడినా, మడత పడినా పారేయండి. చూపు కోసం కళ్లజోడు పెట్టుకునేవాళ్లు దాని మీదే ఇది పెట్టుకోవాలి. ఇవి పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి మాత్రం చూడొద్దు. అది కూడగట్టిన వేడికి ఫిల్టరే కాలిపోతుంది. బైనాక్యులర్‌కి ఫిల్టరు ముందు వైపు, సూర్యుడి వైపు ఉండాలి.

అపోహ: ఆటోనగర్‌లో వెల్డింగ్ అద్దం తెచ్చుకుంటే ఢోకా లేదు.

నంబరు చూడకుండా తెచ్చుకుంటే ఢోకానే. గ్రహణానికి 14వ నంబరు అద్దం కావాలి. ఆర్క్ వెల్డింగుకి మామూలుగా వాడేవి 10, 11. గ్యాస్ వెల్డింగు కళ్లజోళ్లు సాధారణంగా అయిదో ఆరో. షెడ్డులో అడిగితే ఉన్నది ఇస్తారు, వాళ్ల తప్పేం లేదు.

అపోహ: పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, అందులో చూస్తే ఏమీ కాదు.

నిలిచిన నీళ్లు తమ మీద పడే వెలుతురులో నూటికి కనీసం రెండు వంతులు వెనక్కి పంపుతాయి. మంచి ఫిల్టరు లోపలికి రానిచ్చేది ఇంచుమించు లక్షో వంతే. తేడా మీరే చూడండి. అదే పళ్లెంలో రోకలి నిలబెట్టడం వేరే సంగతి. అడుగున పొన్ను చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మా ఇంట్లో అమావాస్యా పౌర్ణమీ లేని రోజున నిలబెట్టి చూపించాను, మా అమ్మ ఒప్పుకోలేదు.

అపోహ: సాయంత్రం సూర్యుడు ఎర్రబడ్డాక ఉత్తి కళ్లతో చూడొచ్చు.

2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, మన దగ్గర సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి పడమటి వైపు చూస్తే బాగానే ఉంటుంది. కానీ ఏ నిమిషంలో వెలుగు తగినంత తగ్గిందో కంటితో చెప్పలేం. అద్దాలు పెట్టుకోవాల్సిందే. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు మొత్తం మూసుకుపోయిన కాసేపే అద్దాలు తీయొచ్చు. పాక్షిక గ్రహణంలో ఆ ఘడియ రానే రాదు.

అపోహ: గర్భిణి బయటికి వస్తే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుంది.

పేరులోనే గ్రహణం ఉండిపోయింది, ఏం చేస్తాం. బిడ్డ పెదవి, అంగిలి కలుసుకునేది గర్భం మొదటి మూడు నెలల్లోనే. అవి సరిగ్గా కలవకపోతే మొర్రి వస్తుంది, ఆకాశానికి దీంతో సంబంధం లేదు. చీకటి గదిలో తిండీ నీళ్లూ లేకుండా పడుకోబెడితే ఆ గర్భిణికే నీరసం. గుళ్ల తలుపుల గురించి నాకు పేచీ లేదు. కొండ మీద దుర్గమ్మ గుడి మూస్తారు, శ్రీకాళహస్తి తెరిచే ఉంచుతారు, ఎవరి ఆచారం వాళ్లది.

మరి ఖర్చు లేకుండా ఎలా చూడాలి?

సూర్యుడికి వీపు పెట్టి. అట్టముక్కకి గుండుసూదితో చిల్లి పొడిచి, మీటరు దూరంలో తెల్ల కాగితం మీద ఎండ పడనిస్తే 9 మిల్లీమీటర్ల సూర్యుడు పడతాడు. దూరం రెట్టింపైతే బొమ్మా రెట్టింపు. చిల్లిలోంచి సూర్యుణ్ణి చూడకూడదు, కాగితం మీది బొమ్మనే చూడాలి. వేపచెట్టు నీడలో కూడా ఆకుల సందుల్లోంచి ఇవే బొమ్మలు నేల మీద పడతాయి.

2020 జూన్ 21 ఆదివారం, కరోనా రోజుల్లో మళ్లీ గ్రహణం వచ్చింది. ముందు రోజు రాత్రి ఆ తల్లి ఫోన్ చేసింది. "డాక్టరు గారూ, వీడు రేపు మళ్లీ డాబా ఎక్కుతానంటున్నాడు. గదిలో పెట్టి గొళ్లెం వేసేదా?" అప్పటికి వాడి కుడి కన్ను 6/9కి వచ్చింది, సన్న అచ్చులో మాత్రం అక్కడక్కడా ఒక అక్షరం జారిపోతోంది. గొళ్లెం వద్దమ్మా, వంటింట్లో బూందీ గరిటె ఉంటే ఇచ్చి పంపండి అన్నాను.

మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. డాబా గచ్చు మీద గరిటె నీడ, అందులో ఓ పక్క కొరికిన బిస్కెట్లలా పదుల కొద్దీ సూర్యుళ్లు. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం వాడిది కాదు, గాజులున్నాయి.