జార్జియాలో మామ అంటే నాన్న

జార్జియా దేశంలో పిల్లలు "మామా" అని పిలిస్తే పలికేది నాన్న. అమ్మను "దెదా" అంటారు. ఇవి ఇంట్లో ముద్దుగా అనుకునే మాటలు మాత్రమే కావు. ఆ భాషలో మగవాడు "మామకాత్సి", చర్చిలో ఫాదర్ కూడా "మామా"యే. రాజధానిని "దెదాకలాకి" అంటారు, అంటే తల్లి నగరం. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసుల పిట్జంట్జట్జారా భాషలోనూ మామ తండ్రే. చైనా భాషలో, స్వాహిలీలో తల్లి. మనకేమో మేనమామ.

ఇలాంటి పోలిక కనబడగానే ఈ భాషలన్నీ ఒకే కుదురువని తేల్చేసేవారున్నారు. అది తొందరపాటు. భాషల చుట్టరికం వెతికేటప్పుడు ముందుగా పక్కన పెట్టాల్సినవే ఈ పసిమాటలు. ఇవి ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకోకుండానే ఎక్కడికక్కడ పుట్టగలవు.

పెదవులు మూసి గొంతు కదిపితే "మ్", తెరిస్తే "మా". నాలుకకు పనే లేదు. రష్యాలో పుట్టిన భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1959లో దీన్ని ఇంకాస్త లోతుగా చూశాడు. పాలు తాగే బిడ్డకు నోరు ఖాళీ ఉండదు, గాలి ముక్కులోంచే రావాలి. అప్పుడు పలకగలిగేది ఆ ముక్కు ధ్వనే. తరువాత ఆకలేసినప్పుడూ అదే ధ్వని వస్తుంది, క్రమంగా అది పాలిచ్చే మనిషికి పేరవుతుంది. టర్కీలో "మామా", జపాన్‌లో "మమ్మ" పసిపిల్లల తిండికి పేర్లు. లాటిన్‌లో "మమ్మ" అంటే రొమ్ము. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పాలిచ్చే జంతువులకు మమేలియా అని పేరు పెట్టింది ఆ మాట నుంచే.

యాకబ్సన్‌కు ఆధారం అమెరికా మానవశాస్త్రవేత్త జార్జ్ మర్డాక్ వేర్వేరు భాషల నుంచి పోగుచేసిన 1072 తల్లిదండ్రుల పదాలు. వాటిలో తల్లిని తెలిపే పదాల్లో 55 శాతం మ, న వంటి ముక్కు ధ్వనులతో ఉన్నవి, తండ్రి పదాల్లో 15 శాతమే. మన "నాన్న" ఈ తక్కువ వైపు మాట. అదే నకారం హిందీలో "నానా"గా అమ్మ వైపు తాతకి, ఇటాలియన్‌లో "నొన్నా"గా అమ్మమ్మకీ నానమ్మకీ చెల్లుతుంది.

ధ్వని బిడ్డదే అయినా, అది ఎవరి పేరో నిర్ణయించేది ఇంట్లో పెద్దలు. హిందీలో మామా తల్లి సోదరుడు మాత్రమే. మేనత్త భర్త ఫూఫా, పిల్లనిచ్చినవాడు ససుర్. తెలుగులో ముగ్గురూ మామలే. దీనికి కారణం మేనరికం: మేనమామ కూతురినో మేనత్త కూతురినో చేసుకుంటే పిల్లనిచ్చే మామ అప్పటికే మామ. ఈ ఆచారం తగ్గుతూ వస్తున్నా, బంధుత్వమే లేని ఇంటి పిల్లను చేసుకున్నవాడు కూడా ఆమె తండ్రిని "మామగారూ" అనే పిలుస్తున్నాడు.