"ఎల్లుండే ఫ్లైటు" అన్నప్పుడు: విదేశీ పనుల మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి, మందస, పలాస వైపు నుంచి గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లే వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, రిగ్గర్ల (క్రేన్లకు బరువులు కట్టి ఎత్తించేవాళ్ల) కాగితాలు చూసిపెట్టడం నా పని. చాలామంది నా దగ్గరకు వచ్చేసరికే డబ్బు కట్టేసి ఉంటారు. "ఎల్లుండే ఫ్లైటు సార్, డబ్బులు కట్టీసినాం, ఒక్కసారి చూడండి" అంటారు. తొందరగా వెళ్లడం తప్పని నేను అనను. రిఫైనరీల్లో షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపేసే) పనులకు మనుషులు నిజంగానే అర్జెంటుగా కావాలి. ఆ తొందరలో కాగితాలు చూడకుండా సంతకం పెట్టేయడమే నా బాధ.

అపోహ: ఒక్క రోజు ఆలస్యమైతే సీటు ఇంకొకడికి పోతుంది.

వాస్తవం: నిజమైన వర్క్ వీసా మీ పేరు మీద, మీ పాస్‌పోర్టు నంబరుతో వస్తుంది. దాన్ని సాయంత్రానికల్లా ఇంకొకరికి ఇచ్చేయడం కుదరదు. కాగితాలు సరిచూడటానికి గంట కూడా పట్టదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. సింగపూర్ వర్క్ పర్మిట్ అయితే ముందే ఐపీఏ లెటర్ (పర్మిట్‌కు సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్టు ఇచ్చే ఉత్తరం) వస్తుంది. అందులో కంపెనీ పేరు, బేసిక్ జీతం, అలవెన్సులు, కోతలు రాసి ఉంటాయి. అది అసలుదో కాదో ఆ దేశ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కాగితాల జిరాక్సు ఇవ్వనని ఏజెంటు మొండికేస్తే, వెళ్లకండి. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెబుతాను.

అపోహ: ముందు విజిట్ వీసా మీద దిగిపోదాం, అక్కడ కంపెనీయే దాన్ని వర్క్ వీసాగా మార్చేస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుంది. వాళ్లు సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, యూఏఈ, మలేషియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలి. అందుకోసం యజమాని వివరాలు, అగ్రిమెంటు, జీతం ప్రభుత్వం ముందు పెట్టాలి. విజిట్ వీసాకు ఇవేవీ అడగరు. ఏజెంటుకు అది ఇష్టం కావడానికి కారణం అదే. అక్కడ దిగాక వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే చట్టం దృష్టిలో తప్పు మీదే అవుతుంది. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడతారు. వీసా గడువు దాటితే రోజురోజుకీ జరిమానా పెరుగుతుంది.

"నాది టెన్త్ పాస్, ఈసీఆర్ గొడవ లేదు" అని కొందరు ధీమాగా ఉంటారు. అంటే వాళ్ల అగ్రిమెంటును ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరన్నమాట, కాబట్టి వాళ్లే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. చదువుకున్న పిల్లలే అందులో చిక్కుకున్నారు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలోనే లేదు.

అపోహ: లక్షన్నర ఇవ్వడం మామూలే, అందరూ ఇస్తున్నారు.

వాస్తవం: రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే ఫీజు గరిష్ఠంగా 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 రూపాయలు. రసీదు ఇచ్చి తీరాలి. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. మొదటి జీతం మూడు నెలలు ఆలస్యమైతే ఇంట్లో వాళ్లు ఆ వడ్డీ ఎక్కడి నుంచి తెస్తారు? ఉద్దానంలో 2018 తిత్లీ తుఫానుకు కొబ్బరి, జీడి చెట్లు పోయిన ఇళ్లలో కట్టడానికి తోట ఆదాయం కూడా మిగల్లేదు. ఈ లెక్క ఫ్లైటు ఎక్కకముందే ఇంట్లో అందరితో కూర్చుని వేసుకోవాలి.

అపోహ: మనూరి వాడే, వరసకు బావ అవుతాడు, మోసం చేయడు.

వాస్తవం: ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆయన ఏజెంటు తరఫున మనుషుల్ని తెచ్చే సబ్ ఏజెంటు, అలాంటివారికి చట్టంలో చోటు లేదు. రేపు ఏదైనా అయితే ఆయన చేతిలో పెట్టిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. లైసెన్సు ఉన్న సంస్థ ఖాతాలోకి బ్యాంకు ద్వారానే కట్టండి.

అపోహ: ఇన్సూరెన్స్ అదనపు ఖర్చు.

వాస్తవం: ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఈసీఆర్ వారికి ఇది తప్పనిసరి.

అపోహ: పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచాల్సిందే.

వాస్తవం: యూఏఈలో, ఖతర్‌లో యజమాని దాన్ని అట్టే పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

అపోహ: కాగితాలన్నీ ఇంట్లో చూపిస్తే వాళ్లకు టెన్షన్.

వాస్తవం: భర్త ఫోను ఆగిపోయి నెలయిందని వచ్చే ఇల్లాలిని మొదట నేనడిగేది కంపెనీ పేరు. "దుబాయ్ అనే తెలుసండీ" అంటుంది. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, ఏజెంటు రసీదుల జిరాక్సులు ఇంట్లో ఉంచండి, భార్య ఫోన్లో ఫొటోలు కూడా. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090 నంబరుకు ఫోన్ చేయాలన్నా ఆ వివరాలే అడుగుతారు.