సత్యనారాయణపురం చిరునామా, మూడు టన్నుల హెరాయిన్

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవులో స్మగ్లింగ్‌పై నిఘా పెట్టే కేంద్ర విభాగం డీఆర్‌ఐ అధికారులు రెండు కంటైనర్లను తెరిపించారు. కాగితాల ప్రకారం అందులో ఉన్నది టాల్క్ రాళ్లు, అంటే పౌడర్ తయారీకి వాడే మెత్తని ఖనిజం. జంబో సంచుల పైభాగాన నిజంగానే రాళ్లున్నాయి. అడుగున 2,988 కిలోల హెరాయిన్ బయటపడింది. అఫ్గానిస్థాన్ సరుకు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చింది. దిగుమతిదారు చిరునామా మాత్రం విజయవాడలోని సత్యనారాయణపురం.

ఆ చిరునామా తప్ప నగరానికి ఈ వ్యవహారంతో సంబంధం లేదని పోలీసులు అప్పుడే చెప్పారు. తర్వాత కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. అయినా అసలు సంగతి ఆ చిరునామాలోనే ఉంది. పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, 500 రూపాయల రుసుము ఉంటే దిగుమతి కోడ్ ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది. చిన్న వ్యాపారికి మేలు చేద్దామని పెట్టిన వెసులుబాటే ఇది, దాన్ని తప్పుపట్టలేం. దొంగకూ అదే తలుపు తెరుచుకుంటుంది, అంతే.

సరుకు భద్రత అనగానే ఉగ్రవాదం గుర్తొస్తుంది గానీ, దీని వేర్లు మాదకద్రవ్యాల్లో ఉన్నాయి. కంటైనర్లలో కొకైన్ రాకను ఆపేందుకు అమెరికా కస్టమ్స్ 1984లోనే రవాణా సంస్థలతో, 1996లో దిగుమతిదారులతో చేయి కలిపింది. ఆ అనుభవం మీదే 2001 నవంబరులో సీ-టీపాట్ నిలబడింది; సరుకు భద్రత కోసం అమెరికా కస్టమ్స్ వ్యాపార సంస్థలతో కలిసి నడిపే పథకమిది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 2005లో ఇలాంటి పథకాలకు ఉమ్మడిగా సేఫ్ అనే ప్రమాణాలు తెచ్చింది. నమ్మకమైన సంస్థలకు కస్టమ్స్ గుర్తింపునిచ్చి తనిఖీలు తగ్గించే మన ఏఈఓ పథకం 2011లో మొదలై, 2016లో మూడు అంచెలుగా మారింది. విచిత్రమేమిటంటే, ఒకరు గుర్తించిన సంస్థలను మరొకరు గుర్తించేలా అమెరికాతో పరస్పర గుర్తింపు ఒప్పందం కుదిరిందీ ముంద్రా సరుకు దొరికిన ఆ నెలలోనే.

ఏఈఓకు దరఖాస్తే చేయని బోగస్ సంస్థను ఈ పథకం పట్టుకోలేదు. ఆ పని స్కానర్లది, నిఘా సమాచారానిది. ఏఈఓ గుర్తింపు పొందిన పేరున్న సంస్థకూ వేరే బెడద ఉంది. తనిఖీ తక్కువని తెలిసిన ముఠాలు దారిలో కంటైనర్ సీలు తెంచి, తలుపు దగ్గర మత్తుమందు సంచులు పడేసి, నకిలీ సీలు బిగిస్తాయి. గుంటూరు మిర్చి ఎగుమతిదారు భయపడాల్సింది దీనికే. 2017లో వచ్చిన ఎలక్ట్రానిక్ సీలును ఎవరైనా కదిపితే రేవులో తెలిసిపోతుంది. ఏఈఓ గుర్తింపు పెద్ద కంపెనీలకే అనుకునేవారు మరో మార్పు గమనించాలి: 2020 నుంచి చిన్న పరిశ్రమలకు ఈ గుర్తింపు కోసం ఏడాదికి 25 కస్టమ్స్ పత్రాల (దిగుమతి, ఎగుమతి సరుకుకు దాఖలు చేసేవి) బదులు 10 ఉంటే సరిపోతుంది.